తీసుకున్నానని అనలేదు

పోయినవారం మనం వదిలిపెట్టేసరికి కోడలు గుమ్మంలోనే నిలబడి, చెప్పులైనా విడవకుండా, మొగుణ్ణి ఒక ప్రశ్న అడిగింది. రాత్రి గడిచింది. తెల్లారింది. ఇద్దరూ విచారణకి హాజరు కావాల్సిన మధ్యాహ్నం కూడా దగ్గరకొచ్చేసింది. జవాబు మాత్రం రాలేదు.

అడిగింది బ్రహ్మవిద్యేమీ కాదు. "ఆ గడియారాలాయన్ని నా చేతిలోంచి నువ్వు తీసుకున్నావా, లేదా?" అంతే.

మొగుడుగారు ఇస్త్రీ బల్ల ముందు నిలబడి తెల్లచొక్కా కాలరు రుద్దుతున్నాడు. ఇందాకే రుద్దిన కాలరు. ముడత అనేది ఉంటే కదా పోవడానికి. భోజనాల బల్ల దగ్గర అత్తగారు కంచం ముందు కూర్చుని, వీళ్ళిద్దరిలో ఎవరు ముందు నోరు విప్పుతారా అని చూస్తోంది. అలవాటు ప్రకారం షుగరు మాత్ర మింగేసింది. కంచంలో మాత్రం చెయ్యి పెట్టలేదు.

"అడిగినదానికి చెప్పవేం?" అంది కోడలు.

"చెప్పాల్సింది రాసిచ్చేశాను."

"ఎవరికి? మీ ఆస్పత్రికి. నా పక్కన పడుకునే మనిషి నా మీద ఏం రాసిచ్చాడో మా లాయరు చదివి వినిపిస్తే తెలుసుకున్నాను నేను. ఆయన చదువుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

"నీ మీద ఏమీ రాయలేదు. అప్పగింత జరగలేదని రాశాను. ఒక్క ముక్క."

"నన్ను బోనెక్కించడానికి ఆ ఒక్క ముక్క చాలు."

ఆ ముక్కకి ఎంత బరువుందో ఆ ఇంట్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. కోడలు అంబులెన్సులో వెనక కూర్చుని రోగిని చూసుకునే మనిషి. మొగుడు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో నర్సు. ఆమె తెచ్చినవాళ్ళని అతను దించుకుంటాడు. వాళ్ళ పరిచయం, ప్రేమ, అలకలు అన్నీ ఆ వార్డు బయటి నడవలోనే, స్ట్రెచర్ల మధ్యే నడిచాయి. ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. రోగిని తెచ్చినవాళ్ళు మనిషెవరు, ఏమైంది, దారిలో ఏం చేశాం అన్నీ చెప్పి "ఇస్తున్నాను" అనాలి. ఆస్పత్రి మనిషి రోగి మీద చెయ్యి వేసి "తీసుకున్నాను" అనాలి. మనసులో అనుకుంటే కుదరదు, పైకి అనాలి. ఆ మాట చెవిన పడేదాకా రోగి అంబులెన్సు వాళ్ళ బాధ్యతే. కప్పు కూలి మీద పడుతున్నా కదలకూడదు. కదిలితే రోగిని వదిలేసి పోయినట్టే లెక్క. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది ఎవరనుకున్నారు? మన కోడలే. గొంతు పెద్దదని తోటివాళ్ళు ఆమెకి సైరన్ అని పేరు పెట్టుకున్నారు. ఆ గొంతుతో ఆమె ఆ పాఠం చెబితే గోడలకి కూడా వచ్చేసి ఉంటుంది.

అలాంటి మనిషి ఆవేళ ఆ మాట వినకుండా పరిగెత్తింది.

గుండెనొప్పితో గిలగిల్లాడుతున్న గడియారాల రిపేరు పెద్దాయన్ని తెచ్చింది. వార్డులో మంచం ఖాళీ లేదు. నడవలోనే ఆస్పత్రి ట్రాలీ మీదకి మార్చింది. ఇంతలో పక్కవీధిలో ఒక పసిపిల్ల గొంతులో పూస ఇరుక్కుందని కబురు. దగ్గర్లో ఇంకో బండి లేదు. మొగుడు రెండు చేతుల్లో సెలైన్ సీసాలతో ఎదురొచ్చాడు. ఈమె నోరు తెరిచేలోపే, "నువ్వెళ్ళు, నేను చూసుకుంటాలే," అన్నాడు. వెళ్ళింది.

ఇంకో నర్సైతే ఆపి, చెయ్యి వేయించి, ఆ మాట అనిపించుకునే కదిలేది. ఎదురుగా ఉన్నది మొగుడాయె. పొయ్యి మీద పాలకీ, ఇంటి తాళానికీ, తల్లి మందులకీ ఇన్నేళ్ళుగా అతను అనేది ఆ మాటే. ఆ మాట మీద భరోసాతోనే ఆ సంసారం నడుస్తోంది.

పిల్ల బతికింది. మొగుణ్ణి ఆ వెంటనే ఏదో బస్సు ప్రమాదం వాళ్ళ దగ్గరికి లాక్కుపోయారు. పెద్దాయన సంగతి అతను ఇంకెవరికీ చెప్పలేదు. ఆయన నడవలోనే పోయాడు. ఆయన భార్య పక్కనే ఉంది. నిద్రపట్టిందనుకుని శాలువా కప్పి, వచ్చేపోయేవాళ్ళని చప్పుడు చెయ్యొద్దని బతిమాలుతూ కూర్చుంది.

ఇక మళ్ళీ ఇస్త్రీ బల్ల దగ్గరకొద్దాం.

"చూసుకుంటాలే అన్నావు నువ్వు," అంది కోడలు.

"అన్నానో లేదో గుర్తులేదు."

"గుర్తులేదా?"

"ఆ గోలలో ఎవరు ఏమన్నారో ఎవరికి గుర్తుంటుంది? బస్సులో వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు వచ్చి పడుతున్నారు."

"బస్సు వాళ్ళు తర్వాత వచ్చారు. నేను గేటు దాటుతుంటే ఆ బండ్లు నాకు ఎదురొచ్చాయి. నువ్వు నాతో మాట్లాడినప్పుడు నడవలో ఏ గోలా లేదు."

"గుర్తులేదనకురా," అంది అత్తగారు కంచం వైపు చూస్తూనే. "చిన్నప్పుడు పక్కింటి వాళ్ళ కిటికీ అద్దం పగిలినప్పుడు కూడా ఇదే మొహం పెట్టావు."

"అమ్మా, నువ్వు ఊరుకో."

"ఊరుకునే కూర్చున్నాను కదరా పొద్దుట్నించీ."

అత్తగారు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. అబద్ధం చెప్పేవాళ్ళ మొహాలు వందల్లో చూసింది. కొడుకు మొహం మాత్రం ఇవాళ తిన్నగా చూడలేకపోతోంది.

మొగుడు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. "సరే. అన్నాననే అనుకో. చూసుకుంటాలే అంటే తీసుకున్నట్టా? పాఠాలు చెప్పేది నువ్వే కదా, చెప్పు. నీ దగ్గర నేర్చుకునేవాళ్ళు ఇలా నోటిమాట పట్టుకుని వచ్చేస్తే నువ్వేమంటావు?"

గురి చూసి కొట్టాడు. ఇన్నాళ్ళ కాపురంలో ఎక్కడ కొడితే నొప్పి పుడుతుందో తెలిసిన మనిషి మరి.

"తప్పంటాను," అంది కోడలు.

"మరి?"

"తప్పే. ఆ మాట అడగకుండా కదిలాను. ఆ తప్పు నాది. ఇవాళ వాళ్ళ ముందు ఒప్పుకుంటాను. నీది నువ్వు ఒప్పుకో. నా తప్పు వెనక నువ్వు దాక్కోకు."

"నువ్వు ఒప్పుకుంటే సరిపోతుంది కదా. ఇద్దరం మునగడం దేనికి? నువ్వు పిల్ల ప్రాణం కోసం వెళ్ళావు. పిల్ల బతికింది. నిన్ను ఎవరూ పెద్దగా ఏమీ అనరు. కొన్నాళ్ళు పక్కన పెడతారు, మళ్ళీ తీసుకుంటారు. మా సూపరింటెండెంటుగారు కూడా అదే అన్నారు."

"అదీ సంగతి," అంది కోడలు. "ఆలోచన ఆయనది, చేతిరాత నీది."

"ఆయన మన మంచికే చెప్పారు."

"ఆయనకి మన మంచితో పనేంటి? మంచాలు చాలవని, ఇద్దరు నర్సులు చెయ్యాల్సిన పని ఒక్కడి నెత్తిన పెట్టారని విచారణలో ఎవరైనా అడిగితే ఆయన కుర్చీ కదులుతుంది. అంబులెన్సు మనిషి వదిలేసి పోయిందంటే అక్కడితో కథ ముగిసిపోతుంది. అందుకు నా పీక కావాల్సొచ్చింది. కత్తి నీ చేతికిచ్చాడు. నువ్వు కళ్ళకద్దుకుని తీసుకున్నావు."

"మరి నన్నేం చెయ్యమంటావు?" అతని గొంతు లేచింది. "తీసుకున్నానంటే కేసు నా మీద పడుతుంది. నిర్లక్ష్యంగా ఉండి మనిషిని చంపాడంటారు. జైల్లో పెడతారు. నీకు చెప్పుకోడానికి ఒక పసిపిల్ల ఉంది. నాకేముంది? నేను ఆయన మొహం కూడా సరిగ్గా చూడలేదు తెలుసా? సీసాలు పెట్టేసి వద్దామనుకున్నాను. ఆ సీసాలు పెట్టేలోపే పిలిచారు. ఆ తర్వాత..." బల్ల మీంచి చొక్కా తీశాడు.

కోడలికి జాలేసింది. ఆ నడవ ఆమెకి తెలుసు. ఒక్క అడుగు వేసేలోపు నలుగురు నాలుగు పక్కల లాగుతారని తెలుసు. ఇదే మాట ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పుంటే ఆమె అతన్ని పట్టుకుని ఏడ్చేది. ఇద్దరూ కలిసి ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళుండేవాళ్ళు. చెప్పలేదు. వారాల తరబడి పక్కన కూర్చుని తింటూ, ఆమె కుమిలిపోతుంటే చూస్తూ, "నీ తప్పేం లేదులే" అని ఓదారుస్తూ, వెనకనుంచి ఆ కాగితం రాసిచ్చాడు. ఆ ఓదార్పు గుర్తుకొచ్చేసరికి జాలి కాస్తా ఎగిరిపోయి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నిన్న ఆ గడియారాలాయన భార్య మా ఆఫీసు గేటు దగ్గర నన్ను ఆపింది," అంది. "తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. 'అమ్మా, నువ్వుండుంటే ఆయన నిద్రపోవట్లేదని నీకు తెలిసేది కదా' అంది. అంతే అంది. చెంప మీద కొట్టినా బాగుండేది. ఏం చెప్పమంటావు ఆవిడకి? మా ఆయన చూసుకుంటానన్నాడు కాబట్టి వెళ్ళానని చెప్పనా? మా ఆయనకి ఇప్పుడది గుర్తులేదు కాబట్టి మీ ఆయన్ని నేనే పారేసి పోయానని చెప్పనా?"

అతను చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒక గుండీ పక్క కాజాలోకి పోయింది. చూసుకోలేదు.

కంచం పక్కకి నెట్టిన చప్పుడైంది.

"మీరిద్దరూ ఒకళ్ళనొకళ్ళు నంజుకు తినండి. నాకు ఈ తిండి సయించదు," అంది అత్తగారు లేస్తూ.

"అత్తయ్యా, మాత్ర వేసుకున్నారు. రెండు ముద్దలైనా తినండి."

"నువ్వు తిన్నావా?"

కోడలు కంచాన్ని మళ్ళీ ఆవిడ ముందుకి జరిపింది.

"వాడు తిన్నాడా? ఇంట్లో ఎవరూ తినకుండా నేనొక్కదాన్నే కూర్చుని తినాలేం? సిగ్గులేదనుకున్నారా నాకు?" గోడ పట్టుకుని నడిచి, కిటికీ పక్క వాలుకుర్చీలో కూలబడి, మొహం వీధి వైపు తిప్పుకుంది.

ఆ తర్వాత ఇంట్లో మాటల్లేవు. చప్పుళ్ళున్నాయి. బీరువా తలుపు పడింది. కుళాయి తిరిగింది, ఆగింది. ఒకరు వంటింట్లోకి వెళితే ఇంకొకరు హాల్లోకి వచ్చారు. చిన్న ఇల్లు కాబట్టి తప్పుకోవడం కూడా కష్టమే, గుమ్మం దగ్గర భుజాలు తగిలాయి. క్షమించమని ఎవరూ అనలేదు. కోడలు యూనిఫాం వేసుకుంది. విచారణకి మామూలు బట్టల్లో రమ్మని లాయరు చెప్పాడు. ఆమెకి ఒళ్ళు మండి యూనిఫామే వేసుకుంది. ఏం చేసిందని దాన్ని విప్పాలి?

జడ బిగించుకుంటుంటే కిటికీ దగ్గర్నించి అత్తగారి గొంతు వినపడింది.

"లైట్లార్పేసి పడుకోండే. రేపు పరీక్షలు కదా."

కోడలి చేతులు ఆగిపోయాయి. బయట ఎండ మండిపోతోంది.

రెండంగల్లో కుర్చీ దగ్గరికి వెళ్ళింది. అత్తగారి నుదురంతా చెమట. జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. వేళ్ళు వణుకుతున్నాయి. కళ్ళు కోడలి మీదే ఉన్నాయి గానీ ఎవర్నో హాస్టలు పిల్లని చూస్తున్నాయి.

"అత్తయ్యా. నా వైపు చూడండి. నేనెవర్ని?"

"నువ్వు... ఆ చివరి గది దానివి కదూ."

కోడలు వెనక్కి తిరగలేదు, కేకెయ్యలేదు. చెయ్యి చాపింది. ఆ చేతిలోకి చక్కెర పరీక్ష చేసే మిషను వచ్చి పడింది. ఆమె వేలు పొడిచేసరికి అతను దూది అందించాడు. అంకె చూసి ఆమె పెదవి విరిచేసరికి అతను వంటింట్లో గ్లాసులో చెంచా తిప్పుతున్నాడు. పంచదార నీళ్ళు ఆమె చేతికిచ్చి, తల్లి వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెట్టాడు. ఆమె తల ఎత్తి పట్టుకుని గుక్క గుక్కగా తాగించింది. మింగుతోందా లేదా అని అతను గొంతు దగ్గర చూపు పెట్టాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ఎన్నో ప్రాణాలు అలా కాపాడిన చేతులు అవి, మాట అవసరం లేకుండానే ఒకదానికొకటి తెలిసిపోతాయి. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడ్డానికి ఇష్టపడని ఆ మధ్యాహ్నం కూడా చక్కగా తెలిసిపోయాయి. ఇదిగో, ఈ అలవాటే ఆ పెద్దాయన్ని మింగింది.

కాసేపటికి అత్తగారి వణుకు తగ్గింది. మళ్ళీ వేలు పొడిచి చూశారు. అంకె పైకి వచ్చింది, కానీ ఇంకా తిన్నగా నిలబడలేదు. అతను రొట్టెముక్క తెచ్చాడు. కోడలు నోట్లో పెట్టింది. ఆవిడ నెమ్మదిగా నమిలింది, కళ్ళు మూసుకుని.

"ఈ మాత్రతో వచ్చిన చిక్కే ఇది," అంది కోడలు గాలితో చెబుతున్నట్టు. "ఇప్పుడు లేచినా మళ్ళీ పడిపోతారు. రాత్రి దాకా పక్కన మనిషి ఉండాలి. మాటిమాటికీ చూడాలి. మళ్ళీ తగ్గితే ఆస్పత్రికే."

కింద వీధిలో అంబులెన్సు హారను మోగింది. అంబులెన్సు నడిపే డ్రైవరు బాబాయి. విచారణకి తీసుకెళ్తానని పొద్దున్నే చెప్పాడు. వెంటనే ఫోను కూడా మోగింది. లాయరు.

"ఎక్కడున్నారమ్మా? విచారణ చేసేవాళ్ళు ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. మొదటి పేరు మీదే. మీ కుర్చీ ఖాళీగా ఉంటే చెప్పుకోడానికేమీ లేదని రాసేసుకుంటారు. ఆపైన నేను నోరు మూసుకోవాల్సిందే."

"బయల్దేరుతున్నాను," అంది.

అత్తగారి మణికట్టు ఆమె చేతిలోనే ఉంది. నాడి వేళ్ళ కింద కొట్టుకుంటోంది. మొగుడు గ్లాసు కింద పెట్టి, తల్లి నుదుటి చెమట తుడుస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"నువ్వెళ్ళు, నేను చూసుకుంటాలే."

అన్నాక అతని చెయ్యి ఆగిపోయింది.

హారను ఇంకోసారి మోగి ఊరుకుంది. పైఇంట్లో ఎవరో కుర్చీ లాగారు. కోడలు అతని మొహంలోకి చూసింది. అతని మొహాన నెత్తురు చుక్క లేదు.

"ఏమన్నావు?" అంది.

అతను తల్లి వీపు వెనక దిండు సర్దబోయాడు.

"నేను వెళ్ళను," అంది కోడలు. గొంతు పెంచలేదు. సైరన్ అని పేరున్న మనిషి అంత చిన్నగా మాట్లాడగలదని ఆ ఇంట్లో గోడలకి కూడా తెలీదు. "ఈ పేషెంటు నా చేతిలో ఉంది. తీసుకున్నాను అను. అంటే వెళ్తాను."

"ఇప్పుడీ తమాషా ఏంటి? అవతల నీ పేరు పిలుస్తున్నారు. మా అమ్మని నేను చూసుకోనా?"

"చూసుకుంటావో లేదో నేను అడగలేదు. ఒక్కసారి ఆ మాట నమ్మి వెళ్ళాను. తర్వాత నువ్వు అనలేదన్నావు. మళ్ళీ నమ్మడానికి నాకేం పిచ్చా?"

"అక్కడికి వెళ్ళకపోతే నీ ఉద్యోగం పోతుంది."

"పోనీ. ఈసారి మాత్రం వదిలేసి పోయాననిపించుకోను."

మొగుడికి అప్పుడు తట్టింది. ఆ మాట అంటే ఆమె వెళుతుంది. వెళ్ళి ఏం చెబుతుందో అతనికి తెలుసు. అనకపోతే ఆమె ఇక్కడే కూర్చుంటుంది, ఆమె కుర్చీ ఖాళీగా ఉంటుంది, సూపరింటెండెంటుగారు కోరుకున్నట్టే కథ ముగుస్తుంది. నోరు మూసుకు కూర్చుంటే చాలు. అతను మూసుకున్నాడు. భార్య కళ్ళ ముందే, తల్లి ఇంకా పూర్తిగా తేరుకోకుండా ఉండగా, ఆ మనిషి ఊరుకున్నాడు.

కోడలికి అది అర్థమైంది. ఆవేళ నడవలో జరిగింది ఒక పొరపాటు. ఇది పొరపాటు కాదు. ఇన్నాళ్ళూ తను ఏ మనిషి పక్కన తింటోందో ఇప్పుడు తెలుస్తోంది.

"ఒరేయ్," అంది అత్తగారు.

కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి. మాట మాత్రం తేటపడింది.

"ఏంటమ్మా? నీరసంగా ఉంది, మాట్లాడకు."

"ఆవేళ నడవలో కూడా ఇలాగే అన్నావురా?"

అతను కింద పెట్టిన గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు.

"నిన్నేరా అడిగేది. నువ్వెళ్ళు, నేను చూసుకుంటాలే. ఇలాగే అన్నావా?"

అప్పటికి వచ్చింది జవాబు. నిన్నటినుంచి రానిది.

"అన్నాను."

అత్తగారి మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల మీదుగా దిండులోకి పోయాయి. కోడలు వాటిని తుడవలేదు. ఆ కన్నీళ్ళు కొడుకు కోసమో, నడవలో శాలువా కప్పిన ఆవిడ కోసమో తనకి తెలియదు.

"అదే అక్కడికి వెళ్ళి చెప్పు," అంది అత్తగారు.

"చెప్పలేనమ్మా. జైల్లో పెడతారు."

"అయితే దీన్నన్నా వెళ్ళనీ. అది అడిగిన మాట అను."

"అమ్మా..."

"నేను నీ కన్నతల్లిని అవునా కాదా? నన్ను తీసుకోడానికి కూడా ఇంత ఆలోచించాలేంరా?"

ఆ దెబ్బకి అతను వాడిపోయాడు. ముందుకొచ్చి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

కోడలు వెన్ను నిటారు చేసింది. కొత్తవాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు ఎలా నిలబడుతుందో అలా. "ఆడమనిషి, డెబ్బై దగ్గర. షుగరు మాత్ర వేసుకుని భోజనం చెయ్యలేదు. చక్కెర పడిపోయి తెలివి తప్పబోయారు. పంచదార నీళ్ళు, రొట్టె ఇచ్చాం. ఇప్పుడు తెలివిలో ఉన్నారు, మాట్లాడుతున్నారు. మళ్ళీ పడిపోయే ప్రమాదం ఉంది. పక్కనుంచి కదలకూడదు. ఇస్తున్నాను."

అతను చెయ్యి చాపాడు. తల్లి మణికట్టు పట్టుకున్నాడు.

"తీసుకున్నాను," అన్నాడు.

ఎంత చిన్న మాట. అనడానికి ఊపిరి కూడా పెద్దగా అక్కర్లేదు. ఆవేళ ఈ మాత్రం అనుంటే, అని ఆ చెయ్యి వేసుంటే, వేళ్ళ కింద నాడి తప్పడం అతనికే తెలిసేది. కోడలికి ఏడవడానికి ఇప్పుడు తీరిక లేదు.

"నా తప్పు ముందు చెబుతాను," అంది సంచీ భుజాన వేసుకుంటూ. "అడగకుండా కదిలానని. ఆ తర్వాతే నీది. ఒక్క ముక్క ఎక్కువ చెప్పను, ఒక్క ముక్క తక్కువ చెప్పను."

అతను తల వంచుకునే ఉన్నాడు. గుండీ ఇంకా తప్పు కాజాలోనే ఉంది. అది చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు.

ఆమె మెట్ల మొదటి మలుపు దిగేసరికి కింద అంబులెన్సు వెనక ఇంకో కారు వచ్చి ఆగింది. తళతళలాడుతున్న ఆస్పత్రి కారు. అతని కోసం వచ్చింది. పైన ఇంట్లో అతని ఫోను మోగింది. ఎవరిదో ఆమెకి తెలుసు. కుర్చీ కిర్రుమంది, అతను లేచినట్టున్నాడు.

"ఎక్కడికిరా?" అత్తగారి గొంతు మెట్ల మీదకి స్పష్టంగా వినపడింది.

"సూపరింటెండెంటుగారమ్మా. నేను వెళ్ళకపోతే..."

"కూర్చో. నన్ను తీసుకున్నావు కదా. ఎలా కదుల్తావు?"

ఫోను మోగుతూనే ఉంది. కోడలు కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది.

"ఇలా ఇవ్వు," అంది అత్తగారు.

"అమ్మా, వద్దు."

"ఇమ్మంటున్నానా."

మోత ఆగింది. అవతల ఏమన్నారో వినపడలేదు. అత్తగారి గొంతు మాత్రం హాస్టలు పిల్లల పేర్లు పిలిచినప్పటి గొంతే. నీరసం వల్లో, కొడుకు ఎదురుగా కూర్చోవడం వల్లో, మధ్యలో ఒక్కచోట వణికింది.

"వాడు రాడు బాబూ. వాడి చేతిలో పేషెంటుంది." కాసేపు ఆగింది. "లేదు, ఇవాళ రాడు. ఆవేళ వాడేమన్నాడో మీకు తెలియాలంటే, రేపు ఈ పేషెంటే వచ్చి చెబుతుంది."